సూర్య వర్ణపటం చదువుదాం – 3: కిటికీలను డిటెక్టర్ బొమ్మగా పేర్చడం

సూర్యుడి వర్ణపటాన్ని తీసే నాసా ఉపగ్రహం ఐరిస్. దాని లెవెల్ 2 (సరిదిద్దిన డేటా) రాస్టర్ ఫైలును పోయిన పాఠంలో దింపుకున్నాం. రాస్టర్ అంటే స్లిట్‌ను, అంటే వెలుతురు లోపలికి వచ్చే సన్నని చీలికను, సూర్యుడి మీద అడుగడుగునా జరుపుతూ తీసిన వర్ణపటాల వరుస. రాయగడ, గుణుపురం కొండల్లో సిగ్నల్ మధ్యలో తెగుతుంది కాబట్టి, విప్పేముందు 'జీజిప్ మైనస్ టి' కొట్టి చూడండి. సగం దిగిన ఫైలైతే అక్కడే తేలిపోతుంది. 'డబ్ల్యుగెట్ మైనస్ సి'తో మిగతాది దింపుకోవచ్చు.

ఖగోళ డేటా చదివే పైథాన్ లైబ్రరీ ఆస్ట్రోపైతో తెరిచేటప్పుడు మెమ్‌మ్యాప్ (ఫైలును డిస్క్ మీదే ఉంచి చదివే పద్ధతి) ఫాల్స్ అని పెట్టండి, ట్రూ పెడితే ఎర్రర్ వస్తుంది. లోపలున్నవి 16 బిట్ల అంకెలు. వాటిని 0.25తో గుణించి 7992 కలిపితేనే అసలు విలువ. అలా -32768 కాస్తా -200 అవుతుంది. అది వెలుతురు లెక్క కాదు, అక్కడ డేటా లేదని గుర్తు. ముందే దాన్ని 'నాన్' (అంకె కాదు అనే గుర్తు) చేసేయండి. లేకపోతే కాంట్రాస్ట్ అంతా అదే మింగేసి, బొమ్మ బూడిదరంగుకు తిరుగుతుంది.

ఉపగ్రహం డిటెక్టర్ మొత్తాన్ని పంపదు. ఎంచుకున్న కిటికీలనే, అంటే కొన్ని తరంగదైర్ఘ్యాల ముక్కలనే పంపుతుంది. మొదటి హెడర్‌లో ఎన్‌విన్ వాటి సంఖ్య, టీడెట్ ఏ డిటెక్టరో చెబుతాయి. ఒక్కో డిటెక్టర్‌కు నాన్‌తో నింపిన ఖాళీ పట్టీ వేరుగా తీసుకోండి. కిటికీ మొదటి పిక్సెల్ తరంగదైర్ఘ్యం: సీఆర్‌వాల్1 + (1 – సీఆర్‌పిక్స్1) × సీడెల్ట్1. ఈ మూడూ కిటికీ హెడర్‌లో ఉంటాయి: సీఆర్‌పిక్స్1 ఆధార పిక్సెల్ సంఖ్య, సీఆర్‌వాల్1 దాని తరంగదైర్ఘ్యం, సీడెల్ట్1 పక్కపక్క పిక్సెళ్ల మధ్య తేడా. అందులోంచి పట్టీ మొదలయ్యే తరంగదైర్ఘ్యం తీసేసి, సీడెల్ట్1తో భాగిస్తే ఎక్కడ అతికించాలో వస్తుంది. పైథాన్ లెక్క సున్నాతో, ఫిట్స్ (ఈ ఫైలు ఫార్మాట్) లెక్క ఒకటితో మొదలవుతాయి. ఆ ఒక్కటి మరిస్తే తరంగదైర్ఘ్యం ఒక పిక్సెల్ జరిగి, దాన్నుంచి కట్టే వేగం సెకనుకు సుమారు 2.7 కిలోమీటర్లు తప్పుతుంది. సౌర ప్రవాహాలు కొలిచేవారికి అది చిన్న తప్పు కాదు.

చూపేటప్పుడు ఆరిజిన్ 'లోయర్' (మొదటి వరుస కింద ఉండేలా), ప్రతి కిటికీకీ విడిగా 1–99 పర్సంటైల్ పెట్టండి. కిటికీల మధ్య ఖాళీ సూర్యుడి చీకటి కాదు, రాని డేటా. బొమ్మకు అడ్డంగా, అన్ని కిటికీల్లోనూ ఒకే వరుసలో రెండు సన్నని నల్లగీతలు కనిపిస్తాయి. అవి స్లిట్ మీది గుర్తులు, సూర్యుడివి కావు. స్లిట్ జరిగినా అవి అదే వరుసలో ఉంటాయి, సూర్యుడి మచ్చ నీడ మాత్రం మారిపోతుంది. ఒక్క అడుగులోనే మెరిసి మాయమయ్యే చుక్కలు కాస్మిక్ కిరణాలవి.

ఫైలులో సమయం యూటీసీ, మన గడియారం కన్నా అయిదున్నర గంటలు వెనక. పర్లాకిమిడిలో ఉదయం 10:30కి మీరు తీసిన ఫొటోతో పోల్చాలంటే 05:00 దగ్గర వెతకండి.

పేర్పు సరిగ్గా కుదిరిందా? మెగ్నీషియం గీతలు 2796.35, 2803.53 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఉంటాయి. సీడెల్ట్1 0.02546 అయితే వాటి మధ్య 282 పిక్సెళ్లు రావాలి. రెండేసి పిక్సెళ్లు కలిపిన ఫైలైతే 141.