పైథాన్ పాఠాలు – 9: ప్రోగ్రాం మధ్యలో ఆగిపోతే

పోయిన పాఠంలో పాల కేంద్రం లెక్కను ఫైలు నుంచి చదివించాం. ఒక్కో వరసలో పాలు పోసినవారి పేరు, లీటర్లు, వెన్న శాతం కామాలతో విడదీసి ఉన్నాయి. అది ఎక్కడా ఆగకుండా నడిచింది, ఎందుకంటే ఆ ఫైలు నేను కూర్చుని తీరిగ్గా తయారుచేసింది. తెల్లవారకముందే ఇరవై మంది క్యాన్లు పట్టుకుని నిలబడి ఉంటే, ఒక చేత్తో పాలు కొలుస్తూ ఇంకో చేత్తో ఎక్కించే ఫైలు అలా ఉండదు. మన ప్రోగ్రాం ఇక ఆ ఫైలును చదవాలి.

(ఎప్పటిలాగే కోడ్ తెలుగు లిపిలో ఇస్తున్నాను. ట్రై, ఎక్సెప్ట్ లాంటి పైథాన్ మాటలు ఎడిటర్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టండి. మీరు పెట్టుకునే పేర్లు తెలుగులో ఉన్నా పైథాన్ 3 ఒప్పుకుంటుంది.)

ముందు ఆ ఫైలును మీ చేత్తోనే చెడగొట్టండి. మూడో వరసలో 4.5 చెరిపేసి 'నాలుగున్నర' అని రాసి నడపండి. ప్రోగ్రాం అక్కడే ఆగి కొన్ని లైన్లు తెర మీద పోస్తుంది. దీన్ని ట్రేస్‌బ్యాక్ అంటారు. కొత్తవాళ్లు దాన్ని చూసి కంగారుపడి కిటికీ మూసేస్తారు. మూయకండి, కింది నుంచి పైకి చదవండి. అన్నిటికన్నా కింద ఉన్న లైను ఏం జరిగిందో చెబుతుంది: వాల్యూఎర్రర్, 'నాలుగున్నర' అనే మాటను ఫ్లోట్‌గా (అంటే దశాంశ సంఖ్యగా) మార్చడం కుదరలేదు. దాని పైన అది మీ కోడ్‌లో ఎన్నో లైనులో జరిగిందో ఉంటుంది. ఇంతకంటే మంచి ఆచూకీ ఇంకెవరూ ఇవ్వరు.

ఇలా నడుస్తుండగా వచ్చే ఆటంకాన్ని ఎక్సెప్షన్ అంటారు. తెలుగులో 'మినహాయింపు' అని రాసేవాళ్లున్నారు కానీ, ఆ మాట వినగానే నాకు పన్నులు గుర్తొస్తాయి. అందుకే ఎక్సెప్షన్ అనే అంటాను.

ఇంకో సంగతి. అదే చోట ౪.౫ అని తెలుగు అంకెల్లో రాసి చూడండి. ఆగదు! పైథాన్‌కి తెలుగు అంకెలు తెలుసు. నాకిది మొదటిసారి తెలిసినప్పుడు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఇప్పుడు ఎక్సెప్షన్‌ను పట్టుకుందాం. ట్రై కింద ఉన్న లైను నడుస్తుండగా ఎక్సెప్షన్ వస్తే, ప్రోగ్రాం ఆగకుండా ఎక్సెప్ట్ కింది లైనుకు వెళుతుంది. చాలామంది మొదట రాసేది ఇది:

ట్రై:
    లీటర్లు = ఫ్లోట్(లీటర్ల_మాట)
ఎక్సెప్ట్ వాల్యూఎర్రర్:
    లీటర్లు = 0

ప్రోగ్రాం ఆగదు. మొత్తం వస్తుంది, బిల్లు వస్తుంది. కానీ మూడో వరసలో ఉన్న ఆవిడ ఆ పూట పోసిన నాలుగున్నర లీటర్లు గాలికి పోయాయి. పది రోజుల తర్వాత డబ్బు చేతికొచ్చినప్పుడు ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టుకుని అడిగితే తప్ప బయటపడదు. అడిగినా 'కంప్యూటర్ తప్పు చెప్పదు కదమ్మా' అంటారు. ఆ సున్నా అబద్ధం. 'తెలియదు' అనాల్సిన చోట 'లేదు' అని రాశాం.

ఇదే పొరపాటు రాకెట్‌లోనూ జరిగింది. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి ఏరియాన్ 5 మొదటిసారి ఎగిరి, సుమారు 40 సెకన్లకే దారి తప్పి ముక్కలైంది. రాకెట్ దిశను కొలిచే కంప్యూటర్‌లో 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చబోతే అది పట్టలేదు. ఆ కోడ్ ఏరియాన్ 4 నుంచి తెచ్చుకున్నది. ఆ పాత రాకెట్‌లో ఆ విలువ ఎప్పుడూ అంత పెరగదు కాబట్టి అక్కడ కాపలా పెట్టలేదు. తోడుగా ఉంచిన రెండో కంప్యూటర్‌లోనూ అదే కోడ్ ఉంది, అదీ అదే కారణంతో అప్పటికే ఆగిపోయింది. ఇవన్నీ ఒక ఎత్తు. ఆగిపోతూ ఆ కంప్యూటర్ తన లోపం వివరాలను పంపితే, ప్రధాన కంప్యూటర్ వాటినే అసలు దిశ లెక్కలనుకుని ఇంజన్ నాజిళ్లను తిప్పేసింది. మన సున్నాలాగే, లోపం గురించిన కబురు విలువ వేషంలో వెళ్లింది.

మనం ఇలా రాద్దాం:

ఎక్సెప్ట్ వాల్యూఎర్రర్:
    తప్పులు.అపెండ్((సంఖ్య, వరస))
    కంటిన్యూ

మిగతా వరసల లెక్క సాగుతుంది, చెడ్డ వరస నంబరుతో సహా పక్కన ఉంటుంది. చివర్లో 'తప్పులు' జాబితా ఖాళీగా లేకపోతే ఆ వరసలు చూపించి, బిల్లు మాత్రం ఇవ్వకండి. నలుగురి డబ్బుతో ముడిపడిన చోట సగం లెక్కతో బిల్లు ఇవ్వకూడదన్నది నా పట్టుదల.

ఇక్కడొక చిక్కుంది. ట్రై కింద ఎన్ని లైన్లు పెట్టాలి? వరసను స్ప్లిట్‌తో మూడు ముక్కలు చేసే లైను కూడా లోపలే పెట్టారనుకోండి. ఎవరో 4.5కు బదులు 4,5 కొట్టారు, ముక్కలు నాలుగయ్యాయి. అప్పుడు వచ్చేదీ వాల్యూఎర్రరే! ఫైలు తెరిచి చదివే లైను కూడా లోపలికి లాగితే ఇంకా ఘోరం. అక్షరాలు చదవలేనప్పుడు వచ్చే యూనికోడ్‌డీకోడ్‌ఎర్రర్ కూడా వాల్యూఎర్రర్ వంశంలోదే. మూడు వేరు వేరు జబ్బులకు ఒకే మందు వేసినట్టవుతుంది. అందుకే ట్రై కింద మీరు ఎదురుచూస్తున్న ఆటంకం వచ్చే లైన్లు మాత్రమే ఉంచండి. ముక్కలు మూడేనా అన్నది బయట విడిగా లెన్‌తో చూసుకోండి, కాకపోతే ఆ వరసనూ 'తప్పులు' జాబితాలో చేర్చండి.

అక్షరాల సంగతి తెలుగువాళ్లం కాబట్టి కాస్త ఆగి చూడాలి. పైథాన్ 3.14 వరకూ విండోస్‌లో ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ (ఏ అక్షరానికి ఏ బైట్లో చెప్పే పట్టిక) చెప్పకపోతే, మన దగ్గరి మామూలు కంప్యూటర్లలో దాన్ని విండోస్ 1252 అనే పాత పట్టికతో చదువుతుంది. యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో తెలుగు అక్షరం మూడు బైట్లు. పొల్లు గుర్తుకు (ఒత్తుల లోపలా ఇదే ఉంటుంది) చివరి బైటు 8డి, ఆ పట్టికలో ఆ గడి ఖాళీ. అందుకే ఫైల్లో 'లక్ష్మి' ఉంటే ప్రోగ్రాం ఎర్రర్‌తో ఆగిపోతుంది. సీత, రాధ, గిరి మాత్రమే ఉంటే ఆగదు, ఆ పేర్లను పిచ్చి గుర్తులుగా మార్చి చల్లగా ముందుకు పోతుంది. ఒత్తున్న పేరు ఆపింది కాబట్టి తప్పు దొరికింది, ఒత్తులేని పేర్లు దాన్ని దాచేశాయి. దీన్ని ఎక్సెప్ట్‌తో పట్టుకోకండి. ఓపెన్‌లో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయండి, జబ్బే ఉండదు.

కొన్నిసార్లు పైథాన్‌కి తప్పనిపించనిది మనకు తప్పు. లీటర్లు -4 అని ఉంటే ఫ్లోట్ మారు మాట్లాడకుండా తీసుకుంటుంది. 'నాన్' అనే మాటనూ (సంఖ్య కాదు అని దానర్థం, ఇంగ్లిష్‌లో మూడక్షరాలు) తీసుకుంటుంది. వేరే ప్రోగ్రాం రాసిన ఫైళ్లలో ఖాళీ గడి చోట ఇది కనిపిస్తుంటుంది. మన కేంద్రంలో ఒక పూటకి ఎవరూ 100 లీటర్లు పోయరు కాబట్టి, ఫ్లోట్ లైను కిందే మనమే ఎక్సెప్షన్ లేపుదాం:

    ఇఫ్ నాట్ (0 < లీటర్లు < 100):
        రెయిజ్ వాల్యూఎర్రర్("లీటర్లు సరిగా లేవు")

ఇది కూడా ట్రై లోపలే ఉండాలి. అప్పుడే మన ఎక్సెప్ట్ దీన్ని పట్టుకుని తప్పుల జాబితాలో చేరుస్తుంది. నాన్‌ను దేనితోనైనా చిన్నదా, పెద్దదా అని పోల్చితే జవాబు 'కాదు' అనే వస్తుంది, కాబట్టి ఈ ఒక్క షరతు దాన్నీ ఆపేస్తుంది. 'లీటర్లు < 0 అయితే' అని రాసి ఉంటే నాన్ జారిపోయేది.

ఎక్సెప్ట్ పక్కన ఏ పేరూ లేకుండా ఊరికే రాయడం మీకు చాలా కోడ్‌లలో కనిపిస్తుంది. అది మీరు కొట్టిన కంట్రోల్-సీని కూడా మింగేస్తుంది, ప్రోగ్రాంను ఆపడమే కష్టమవుతుంది. ఎప్పుడూ పేరు పెట్టి పట్టుకోండి. ఫైనల్లీ అనే భాగం ఎక్సెప్షన్ వచ్చినా రాకపోయినా నడుస్తుంది. మనం ఫైలును విత్‌తో తెరుస్తున్నాం, మూసే పని అదే చూసుకుంటుంది కాబట్టి ప్రస్తుతానికి దాని అవసరం లేదు.

అభ్యాసం: పది వరసల ఫైలు రాయండి. అందులో ఒక ఖాళీ వరస, ఒక 4,5, ఒక 'నాలుగున్నర', ఒక -4, తెలుగు అంకెల్లో ఒక సంఖ్య పెట్టండి. మీ ప్రోగ్రాం సరిగ్గా నాలుగు తప్పులు, ఆరు మంచి వరసలు చూపించాలి. తర్వాత వెన్న శాతానికీ ఇలాంటి కాపలాయే పెట్టండి. ఫైలు అసలు లేకపోతే వచ్చే ఎక్సెప్షన్ పేరేమిటో ట్రేస్‌బ్యాక్ చూసి మీరే కనుక్కోండి. 10వ పాఠంలో ఆ తప్పుల జాబితాను తేదీతో సహా ఇంకో ఫైల్లోకి ఎక్కిద్దాం.