బడిలో పిల్లల ఎత్తు, బరువు తీయడం: ఊబకాయ నివారణ రీసెర్చ్ సెంటర్‌లో కొత్తగా చేరినవారికి

అమెరికాలో పబ్లిక్ హెల్త్ మాస్టర్స్ చదువుతూ యూనివర్సిటీ ఊబకాయ నివారణ సెంటర్‌లో రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేరే మన విద్యార్థులకు ముందుగా అప్పజెప్పే పనుల్లో ఇదొకటి. ఏ విషయం తేల్చాలో ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్ నిర్ణయిస్తారు. కోఆర్డినేటర్ బడులతో మాట్లాడి తేదీలు ఖాయం చేస్తారు. డైటీషియన్ తిండి లెక్కలు చూస్తారు, స్టాటిస్టీషియన్ చివర్లో ఫలితం తేలుస్తారు. వీళ్లందరూ నమ్ముకున్న అంకె మాత్రం స్టేడియోమీటర్ (ఎత్తు కొలిచే పరికరం) దగ్గర నిలబడ్డ మీ చేతిలోనే పుడుతుంది. అక్కడ తప్పు పడితే తర్వాత ఎవరూ దిద్దలేరు.

130 సెం.మీ. ఎత్తు, 30 కిలోల బరువు ఉన్న పిల్లవాడి బీఎంఐ (కిలోల బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) 17.75. అదే ఎత్తు 129 అని రాస్తే 18.03 అవుతుంది. పిల్లలకు పెద్దల లెక్క పనికిరాదు. వయసును, ఆడా మగా అన్నదాన్ని బట్టి సీడీసీ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) చార్టులో పర్సంటైల్ చూస్తాం, అంటే తోటి పిల్లలు వందమందిలో ఎంతమంది కన్నా వాడి బీఎంఐ ఎక్కువో. 85 నుంచి 95 లోపు అధిక బరువు, 95, ఆపైన ఊబకాయం. గీత అంచున ఉన్న పిల్లవాణ్ని ఒక్క సెంటీమీటరు అవతలికి తోసేయగలదు. పైగా నివారణ కార్యక్రమాలతో బీఎంఐలో వచ్చే మార్పు సాధారణంగా చిన్నది, చేతి తప్పు దాన్ని పూర్తిగా మింగేస్తుంది.

బయల్దేరే ముందు

మనుషులపై పరిశోధనకు సంబంధించిన ఎథిక్స్ శిక్షణ పూర్తయి, ఐఆర్‌బీ (పరిశోధనలో పాల్గొనేవారి రక్షణ చూసే సమీక్షా మండలి) అనుమతి పత్రంలో మీ పేరు చేరాకే పిల్లల దగ్గరికి వెళ్లాలి. తల్లిదండ్రుల సంతకం ఉన్నా పిల్లవాడు "వద్దు" అంటే అక్కడితో ఆపేయండి, బుజ్జగించి ఒప్పించకండి. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవారు సెమిస్టర్ జరిగే రోజుల్లో క్యాంపస్ పని వారానికి 20 గంటలు దాటకుండా చూసుకోవాలి. బడికి ప్రయాణం, సామాను సర్దుడు కూడా పనిగంటలే, వాటినీ లెక్కలో వేయండి.

స్టేడియోమీటర్‌ను తెలిసిన పొడవున్న కడ్డీతో, తూకం యంత్రాన్ని తెలిసిన బరువుతో ఆ రోజే సరిచూసి లాగ్ పుస్తకంలో రాయండి. గట్టి నేల వెతకండి. కార్పెట్ మీద పెట్టిన తూకం తప్పు చూపిస్తుంది. గోడ అడుగున స్కర్టింగ్ ముందుకు పొడుచుకొస్తే గోడకు ఆనించే పరికరం నిటారుగా నిలవదు. ఇంకోటి, పొద్దున్నుంచి సాయంత్రానికి వెన్నుపూసల మధ్య డిస్కులు నొక్కుకుపోయి ఎత్తు దాదాపు ఒక సెంటీమీటరు తగ్గుతుంది. మొదటి కొలత ఉదయం తీస్తే, ఏడాది తర్వాతిదీ ఉదయమే తీయాలి.

ఎత్తు

బూట్లు తీయించండి. క్లిప్పులు, హెయిర్‌బ్యాండ్, నెత్తి మీద కొప్పు ఉంటే విప్పించండి. గట్టిగా అల్లిన జడలు విప్పడం కుదరకపోతే బలవంతం వద్దు, ఫారంలో ఆ మాట రాయండి.

మడమలు, పిరుదులు, భుజపు ఎముకలు, తల వెనక భాగం నాలుగూ వెనక పలకకు ఆనాలి. కొందరికి, ముఖ్యంగా ఒళ్లున్న పిల్లలకు, నాలుగూ ఒకేసారి ఆనవు. అప్పుడు తల వెనక్కి నొక్కకండి. ఎన్ని ఆనితే అన్ని చాలు, నడుం మాత్రం నిటారుగా ఉండాలి.

అసలు కిటుకు తల నిలిపే తీరులో ఉంది. కంటిగుంట కింది అంచు, చెవి రంధ్రం పై అంచు నేలకు సమాంతరంగా ఒకే గీతలో ఉండాలి. "నిటారుగా నిలబడు" అనగానే పిల్లలు గడ్డం పైకెత్తేస్తారు. అందుకే ఆ మాట అనకుండా, పక్కకు వచ్చి చూస్తూ గడ్డాన్ని వేలితో మెల్లగా సర్దండి, అదీ ముందు అడిగాకే. గట్టిగా ఊపిరి తీసుకుని బిగపట్టమనండి. పైపలకను జుట్టు అణిగేదాకా దించండి. మీ కన్ను గీతకు సరిగ్గా ఎదురుగా ఉండాలి. పిల్లవాడు మీకన్నా పొడుగైతే స్టూలెక్కండి, పొట్టయితే వంగండి. 0.1 సెం.మీ. వరకు చదవండి.

పిల్లవాణ్ని దింపి, మళ్లీ నిలబెట్టి రెండోసారి తీయండి. రెండూ ప్రోటోకాల్ (ఆ అధ్యయనానికి రాసిపెట్టిన పద్ధతి) ఇచ్చిన హద్దు దాటి తేడా వస్తే (ఆ హద్దు చాలాచోట్ల 0.5 సెం.మీ.) మూడోసారి. మొదటి అంకె చూస్తూ రెండోది తీస్తే కన్ను దానివైపే లాగుతుంది, కాబట్టి రాసేవాళ్లు దాన్ని కాగితంతో మూసి ఉంచాలి. ఎక్కువ అంకెలు .0తోనో .5తోనో ముగుస్తుంటే ఎవరో చదవకుండా ఉజ్జాయింపుగా చెబుతున్నారని అర్థం. దశాంశ స్థానంలో ఒక్కో అంకె పదిలో ఒకటి చొప్పున రావాలి.

బరువు, నోటి మాట

జాకెట్, బూట్లు, జేబులో ఫోను తీయించి, సున్నా చూసి, మధ్యలో నిలబెట్టండి. పిల్లవాడి వీపు డిస్‌ప్లేవైపు ఉండాలి. తెర చాటునే కొలవాలి, అంకె పైకి చదవకూడదు.

మన ఇళ్లలో "చిక్కిపోయావేంటి", "బొద్దుగా తయారయ్యావే" అనడం పలకరింపు. బడిలో ఆ అలవాటు పూర్తిగా వదిలేయాలి. "పర్లేదు, బాగానే ఉంది" అన్నా కూడా పక్కవాడికి ఆ మాట దక్కకపోతే వాడి మనసు చివుక్కుమంటుంది. అందరికీ ఒకే మాట: "అయిపోయింది, థ్యాంక్యూ."

నడుం కొలతకు రెండు పద్ధతులున్నాయి. అమెరికా జాతీయ సర్వే ఎన్‌హేన్స్‌లో తుంటి ఎముక పై అంచు మీద టేపు పెడతారు. డబ్ల్యూహెచ్‌ఓ పద్ధతిలో చివరి పక్కటెముకకు, తుంటి ఎముకకు మధ్యన పెడతారు. ప్రోటోకాల్‌లో ఏది ఉంటే అదే, రెండూ కలపకూడదు.

తిండి లెక్క అడిగేటప్పుడు

24 గంటల రీకాల్ (గడిచిన రోజంతా తిన్నవి గుర్తుచేసి చెప్పించడం) అయిదు దశల్లో నడుస్తుంది: గబగబా జాబితా; మరిచిపోయినవి; ఏ సమయంలో తిన్నారు; ఎంత తిన్నారు, ఎలా వండారు అన్న వివరాలు; చివరిగా మళ్లీ ఒకసారి. "టిఫిన్ ఏం చేశారు?" అని మొదలుపెడితే తినకపోయినా ఏదో ఒకటి చెబుతారు. "లేచిన దగ్గర్నుంచి చెప్పండమ్మా" అనండి, తర్వాత "ఇంకా?" చాలు. ముఖంలో మెచ్చుకోలు గానీ ఆశ్చర్యం గానీ కనబడకూడదు.

తెలుగు ఇంటికి వెళ్తే మరిచిపోయేవి దాదాపు అవే ఉంటాయి: పొడిలో వేసుకున్న నెయ్యి, టీలో పంచదార, సీరియల్ చూస్తూ తిన్న జంతికలు, తిరగమోత నూనె. "నూనె పెద్దగా వాడమండీ" అంటారు. ఒక టేబుల్ స్పూన్ నూనె దాదాపు 120 కేలరీలు, అందుకే వదలకూడదు. గిన్నెలో ఎంత పోశారు, ఎంతమంది తిన్నారు, ఎంత మిగిలింది అని అడిగి భాగించండి. "రెండు గరిటెల అన్నం" అంటే ఆ గరిటె తెప్పించి, అన్నం దాంతో కొలత కప్పులోకి వేయించి చూడండి. ఇంటికో సైజు గరిటె.

బడి వదిలే ముందు

ఒక్కో ఫారం అక్కడే తిరగేయండి. ఖాళీ గడి కనబడితే పిల్లవాణ్ని మళ్లీ పిలిచే వీలు ఆ గంటలోనే ఉంటుంది. తప్పు పడితే చెరపకండి, ఒక్క గీత కొట్టి పక్కన సరైన అంకె, మీ పొట్టి సంతకం, తేదీ వేయండి. రాని పిల్లలకు, వద్దన్న పిల్లలకు కోడ్ వేరువేరుగా రాయండి. రానివాళ్ల కోసం ఇంకో రోజు వెళ్లాలి, వద్దన్నవాళ్ల దగ్గరికి వెళ్లకూడదు.