బొంత కుట్టేటప్పుడు కుట్టు ఎందుకు చెడుతుంది: ఇంటి మిషన్‌కు సమస్య - పరిష్కారం

అల్మారాలో మిగిలిపోయిన పోచంపల్లి ముక్క, చిరుగు పట్టిన మంగళగిరి నూలు చీర, పిల్లల గౌన్లకు కొనగా మిగిలిన పూల పాప్లిన్, పెడన కలంకారి గుడ్డ, వీటన్నిటినీ నేల మీద పరచి ఏ రంగు పక్కన ఏ రంగు నిలుస్తుందో చూసుకోవడంలోని ఆనందం బొంత కుట్టే ప్రతివారికీ తెలుసు. ముక్కలు అతకడం కూడా చాలామందికి ఏ ఇబ్బందీ లేకుండానే సాగుతుంది. చిక్కు వచ్చేది పై అతుకుల గుడ్డ, లోపలి పొర, అడుగు అస్తరు మూడింటినీ కలిపి మిషన్ కింద పెట్టినప్పుడు. అక్కడ కుట్టు చెడగానే మిషన్ పాడైందనుకుని, అందంగా అమరిన ఆ గుడ్డను మడిచి పక్కన పెట్టేసేవారిని నేను ఎందరినో చూశాను. నా దగ్గరకు వచ్చిన మిషన్లలో చాలావాటికి రిపేరు అవసరమే లేదు. కాళ్ళతో తొక్కే నల్లని పాత మిషన్ అయినా, మోటారు బిగించిన కొత్త మిషన్ అయినా, కింద చెప్పిన క్రమంలో చూసుకుంటే లోపం ఇంట్లోనే దొరుకుతుంది. దారం ఎక్కించడం, బాబిన్ చుట్టడం, నూనె వేయడం వచ్చినవారి కోసమే ఇది రాస్తున్నాను.

ఏ సమస్యకైనా ముందు చేయవలసినది

గుడ్డను అదిమి పట్టే ఫుట్ పైకి ఎత్తి, పై దారాన్ని మొత్తం తీసేసి, రీలు దగ్గర నుంచి మళ్ళీ ఎక్కించండి. తరువాత సూది మార్చండి. దీనికి ఐదు నిమిషాలు కూడా పట్టవు. అయినా పదిమందిలో తొమ్మిదిమంది దీన్ని వదిలేసి నేరుగా టెన్షన్, అంటే దారం బిగువు మార్చే మర, తిప్పడం మొదలుపెడతారు, ఆ తరువాత అసలు లోపం ఏదో, తిప్పడం వల్ల వచ్చిన లోపం ఏదో ఎవరికీ తెలియకుండా పోతుంది. ఫుట్ ఎత్తినప్పుడే టెన్షన్ బిళ్ళలు విడివడతాయి, దించినప్పుడు బిగుసుకుంటాయి. దించి ఉంచి ఎక్కించిన దారం బిళ్ళల మధ్యకు దిగకుండా వాటి అంచు మీదే ఆగిపోతుంది, చూడడానికి మాత్రం అంతా సరిగానే ఉంటుంది.

సూది విషయానికి వస్తే, జాకెట్లు కుట్టిన 11 నంబరు సూదితోనే బొంత కుట్టాలని చూడవద్దు. పాత చీరల పొరలకు 14 నంబరు, లోపల దూది పొర మందంగా ఉంటే 16 నంబరు కావాలి. ఇంటి మిషన్ సూదికి పైభాగంలో ఒక వైపు చదునుగా ఉంటుంది. టైలరింగ్ యూనిట్లలో వాడే మిషన్ల సూది గుండ్రంగా ఉంటుంది, దుకాణంలో రెండూ పక్కపక్కనే ఉంటాయి కనుక చూసి కొనాలి. సూదికి పొడవైన గాడి ఏ వైపు ఉందో ఆ వైపు నుంచే దారం లోపలికి వెళ్ళాలి. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే ఏ మిషన్‌కైనా సూది తిరగబడి బిగించే ప్రమాదం ఉండదు.

ఇక పరీక్ష. పైన ఎరుపు దారం, బాబిన్‌లో ఆకుపచ్చ దారం వేసి, బొంతలో ఉన్న పొరలే ఉన్న చిన్న ముక్క మీద జానెడు పొడవున కుట్టండి. రెండు పొరల పాప్లిన్ ముక్క మీద పరీక్షించి బాగానే ఉందనుకుంటే లాభం లేదు, బొంతలో వచ్చే లోపం పలుచని గుడ్డ మీద చాలాసార్లు కనిపించదు. పైన, కింద ఒకే రంగు దారం వేసినా లోపం గుడ్డలో కలిసిపోయి కనిపించదు. ఇప్పుడు ముక్కను రెండు వైపులా చూడండి. అడుగున ఎర్ర దారం ఉచ్చులుగా వేలాడుతుంటే లోపం పై దారానిది. పైన ఆకుపచ్చ చుక్కలు తేలుతుంటే లోపం బాబిన్ వైపు ఉంది, లేదా పై టెన్షన్ మితిమీరి బిగిసింది. ఉచ్చులు అడుగున కనిపిస్తున్నాయి కాబట్టి లోపమూ అడుగునే ఉందని అనుకోవడం సహజమే గానీ, జరిగేది సరిగ్గా దానికి విరుద్ధం.

అడుగున దారం ముద్ద కట్టడం

ఫుట్ ఎత్తి మళ్ళీ దారం ఎక్కిస్తే చాలావరకు ఇది పోతుంది. అలా పోలేదంటే, సూది వెంట పైకీ కిందికీ ఆడే కొక్కెంలోంచి దారం జారిపోయిందేమో చూడండి. బొంత దగ్గర ప్రత్యేకంగా వచ్చే మరో కారణం, ఫుట్ దించడం మరచిపోవడం. మందమైన పొరలు ఎత్తి ఉన్న ఫుట్ వరకు నిండిపోయి ఉంటాయి, ఫుట్ గుడ్డను తాకుతూనే ఉంటుంది, కనుక దించినట్టే అనిపిస్తుంది. వెనుక ఉన్న పిడిని చేత్తో తాకి, దిగి ఉందని నిర్ధారించుకున్నాకే తొక్కడం మొదలుపెట్టాలి. మొదటి రెండు కుట్లకు దారాల కొసలు రెండూ వెనక్కి పట్టుకుంటే ఆరంభంలో వచ్చే ముద్ద కూడా ఉండదు.

పైన బాబిన్ దారం చుక్కలుగా తేలడం, అదీ కాసేపు ఉండి కాసేపు పోవడం

నన్ను ఎక్కువగా సతాయించిన లోపం ఇదే, కనుక దీని గురించి వివరంగా చెబుతాను. దీని లక్షణం ఇలా ఉంటుంది. మూర పొడవు కుట్టు చక్కగా వస్తుంది, తరువాత ఉన్నట్టుండి అడుగు దారం పైకి తేలుతుంది, నాలుగు అంగుళాలు పోయాక దానంతటదే సర్దుకుంటుంది. బాబిన్ మార్చినప్పుడు ఒక గంట బాగుంటుంది, మళ్ళీ మొదలవుతుంది. రాకపోకలు ఇలా ఒక పద్ధతి లేకుండా ఉన్నాయంటే, స్క్రూ డ్రైవరు చేతికి తీసుకోకముందే బాబిన్ కేసు బయటకు తీసి, దాని పక్కన బిగించి ఉన్న పలుచని స్టీలు రేకు కింద చూడాలి.

బాబిన్ దారం ఆ రేకు కింది నుంచే బయటకు వస్తుంది. రేకు దారాన్ని కేసు గోడకు అదిమి పట్టడం వల్లనే అడుగు దారానికి బిగువు వస్తుంది. ఏళ్ళ తరబడి ఉతికిన నూలు చీరలో పోగులు అరిగి, పొట్టివై, సూది దిగిన ప్రతిసారీ నూగులా రాలుతుంటాయి. లోపలి దూది పొర నుంచి వచ్చే నూగు దీనికి తోడవుతుంది. గంజి పెట్టిన చీరలైతే ఎండిన గంజి సన్నని పొడిగా రాలి, బాబిన్ కేసు కూర్చునే షటిల్ దగ్గరి నూనెతో కలిసి జిగురుగా మారుతుంది. ఇదంతా సూది రంధ్రం గుండా కిందికి దిగి దారాన్ని అంటిపెట్టుకుని రేకు కిందికి చేరుతుంది. అక్కడ నువ్వుగింజలో సగమంత నూగు చిక్కుకున్నా చాలు, రేకు వెంట్రుకవాసి పైకి లేస్తుంది, దారం దాని పక్క నుంచి పట్టు లేకుండా జారుతుంది. బిగువు తగ్గిన అడుగు దారాన్ని పై దారం పైకి లాగేస్తుంది. నూగు కొంచెం పక్కకు కదిలితే కుట్టు బాగుపడుతుంది, మళ్ళీ చేరితే చెడుతుంది. పాలిస్టర్ గుడ్డతో దిండు గలేబులు కుట్టేవారికి ఈ బాధ అంతగా తెలియదు, పాత నూలు చీరలతో బొంతలు కుట్టేవారికి మాత్రం ఇది ఎప్పుడో ఒకప్పుడు తప్పక వస్తుంది.

దీన్ని గుర్తించకపోతే జరిగే నష్టం అసలు లోపం కంటే పెద్దది. చుక్కలు కనిపించగానే బాబిన్ కేసు రేకు మీది స్క్రూ బిగిస్తారు, కుట్టు కుదురుతుంది. కాసేపటికి ఆ నూగు దారంతోపాటు బయటకు కొట్టుకుపోతుంది, అప్పుడు రేకు కావలసినదానికంటే గట్టిగా పట్టుకుంటుంది. అడుగు దారం గీత గీసినట్టు నిటారుగా లాగబడి, అస్తరు ముడతలు పడి, చివరకు దారం తెగుతుంది. ఈసారి పై టెన్షన్ తిప్పుతారు. ఇలా ఒకదాన్ని సరిచేయబోయి మరొకదాన్ని మార్చుకుంటూ పోయాక మొదటి అమరిక ఎక్కడ ఉండేదో చెప్పగలిగేవారు ఉండరు. తిప్పగా తిప్పగా ఆ చిన్న స్క్రూ ఊడి నేల మీద పడితే దాన్ని వెతకడం ఇంకొక పని.

శుభ్రం చేసే పద్ధతి సులువైనదే. బాబిన్ బయటకు తీయండి. విజిటింగ్ కార్డు మూలను రేకు కిందికి నెమ్మదిగా జొప్పించి, దారం నడిచే దిశలోనే, అంటే గాడి వైపు నుంచి దారం బయటకు వచ్చే చోటు వైపు తోయండి. మురికి నూగు వచ్చేస్తుంది. శుభ్రమైన మూలతో మరొకసారి చేయండి. గుండుసూది, సూది మొన, బ్లేడు వాడకూడదు. రేకు లోపలి వైపు ఒక్క గీత పడినా ఆ కేసులో వేసిన ప్రతి దారమూ పీచు లేస్తూనే ఉంటుంది. గంజి జిగురు పట్టేసి కార్డుకు రాకపోతే, తెల్లని గుడ్డ పరచుకుని దాని మీద స్క్రూలు విప్పి, రేకు తీసి, పొడి గుడ్డతో రెండు వైపులా తుడిచి మళ్ళీ బిగించాలి. విప్పే ముందు టెన్షన్ స్క్రూ గాడి ఏ దిక్కుకు ఉందో పెన్నుతో గుర్తు పెట్టుకోండి, విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో కూడా లెక్క పెట్టుకోండి. రేకు కింద నూనె వేయకండి, నూనె ఉన్నచోటికే నూగు చేరుతుంది.

తరువాత బాబిన్ వేసి బిగువు చూడాలి. దారం లాగినప్పుడు, కేసు తెరిచి ఉన్న వైపు నుంచి చూస్తే, బాబిన్ గడియారం ముళ్ళు తిరిగే దిశలో తిరగాలి. దారం కొసను పట్టుకుని కేసును గాలిలో వేలాడదీయండి. అది తన బరువుకు తానే కిందికి జారిపోకూడదు, చేతిని చిన్నగా విదిలిస్తే ఒకటి రెండు అంగుళాలు జారి ఆగాలి. జారిపోతుంటే స్క్రూను పావు చుట్టు బిగించండి, అసలు కదలకపోతే పావు చుట్టు వదులు చేయండి. అంతకు మించి ఒకేసారి తిప్పవద్దు. బాబిన్ పైనుంచి వేసే మిషన్లలో కేసు ప్లాస్టిక్‌ది కనుక వేలాడదీసే పరీక్ష కుదరదు గానీ, రేకూ నూగూ అక్కడా ఉంటాయి, కార్డు పద్ధతి అక్కడా పనిచేస్తుంది.

పాత చీరలతో కుట్టినంతకాలం బాబిన్ మార్చిన ప్రతిసారీ షటిల్ చుట్టూ, సూది ప్లేటు కింద గుడ్డను నడిపే పళ్ళ మధ్యా చిన్న బ్రష్‌తో తుడిస్తే ఈ సమస్య దరిచేరదు. పళ్ళ మధ్య నూగు అట్టకట్టితే పళ్ళు పైకి లేవలేక గుడ్డ ముందుకు నడవదు, కుట్లు ఒకదాని మీద ఒకటి పడతాయి, అందుకే సూది ప్లేటు కూడా అప్పుడప్పుడు విప్పి చూడాలి. నోటితో ఊదితే నూగు ఇంకా లోపలికి పోతుంది, తేమ కూడా చేరుతుంది. నూనె మిషన్ నూనే వేయండి. కొబ్బరినూనె వేసిన మిషన్ చలికాలంలో బిగుసుకుపోతుంది, దానిలోని నూగు గోకినా రాదు.

అస్తరు ముడతలు పడడం

రెండు టెన్షన్లూ సరిగా ఉండి కూడా అడుగు గుడ్డ ముడతలు పడుతుంటే కారణం పొరలు కదలడమే. పళ్ళు అడుగు పొరను లాగుతాయి, ఫుట్ పై పొరను అదిమి ఆపుతుంది. కచ్చా కుట్లు బెత్తెడు దూరానికి ఒక వరుస చొప్పున వేసి, మిషన్ కుట్టును మధ్య నుంచి అంచులకు నడపాలి. ఒక అంచున మొదలుపెట్టి రెండో అంచుకు తీసుకుపోతే మిగిలిన గుడ్డంతా చివర పోగుపడుతుంది. కుట్టు పొడవు 3 నుంచి 3.5 మిల్లీమీటర్లు ఉంచండి, అంగుళానికి ఏడెనిమిది కుట్లు వస్తాయి. ఫుట్ ఒత్తిడి తగ్గించే స్క్రూ ఉంటే కొంచెం తగ్గించండి. మీ మిషన్‌కు వాకింగ్ ఫుట్ దొరికితే బొంతల కోసం అది కొనడం డబ్బుకు తగిన పనే, పై పొరను కూడా అది పళ్ళతో సమానంగా నడుపుతుంది.

కుట్లు వదిలేయడం, సూది విరగడం

మొద్దుబారిన లేదా వంగిన సూదే కారణం. జరీ అంచు ఉన్న ముక్కలను అతుకుల కూడలిలో పడనీయకండి, నాలుగు మడతల జరీ మీద ఏ సూదీ నిలవదు. అటువంటి చోట చక్రాన్ని చేత్తో తిప్పి దాటించాలి. గుడ్డను వెనుక నుంచి లాగే అలవాటు ఉన్నవారు అది మానుకుంటే సగం సూదులు మిగులుతాయి.

ఉతికాక రంగు దిగడం, బొంత కుదించుకుపోవడం

ఇది మిషన్ లోపం కాదు గానీ, ఇంత కష్టపడి కుట్టినదాన్ని ఒక్క ఉతుకులో పాడుచేస్తుంది. కొత్త ఎరుపు, నీలిమందు నీలం, నలుపు ముక్కలను తెల్లటి గుడ్డ పక్కన అతికే ముందు తడిపి, తెల్లని చేతిరుమాలుతో గట్టిగా అదిమి చూడండి. రుమాలుకు రంగు అంటితే ఆ గుడ్డను రంగు దిగడం ఆగేదాకా విడిగా ఉతకాలి, ఆగకపోతే ఆ బొంతలో వాడకూడదు. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందన్న నమ్మకంతో ఈ పరీక్షను వదిలేయవద్దు, అద్దకం సరిగా లేని గుడ్డను ఉప్పు కాపాడలేదు. కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకులో 3 నుంచి 5 శాతం వరకు కుదించుకుంటుంది, ఎన్నోసార్లు ఉతికిన చీర ఇక కుదించుకోదు. రెండిటినీ అలాగే కలిపి కుడితే బొంత అంతా ముడుచుకుపోతుంది, కనుక కొత్తదాన్ని కోయకముందే ఉతికి ఆరేయాలి. రంగు ఇప్పటికే అంటి ఉంటే బొంతను ఆరనివ్వకండి, ఇస్త్రీ అసలు పెట్టకండి, తడిగా ఉండగానే నీళ్ళు ధారాళంగా మారుస్తూ సబ్బుపొడితో మళ్ళీ మళ్ళీ జాడించండి.

అరుదైనవి

షటిల్ టైమింగ్ (సూదీ షటిలూ కలిసే సమయం) తప్పడం, షటిల్ కొక్కెం మీద గీత పడడం, సూది కడ్డీ వంగడం వంటివి ఉంటాయి గానీ తక్కువ. పైవన్నీ చూశాక, కొత్త సూదితోనూ కుట్టు వరుసగా తప్పుతుంటేనే వాటిని అనుమానించాలి. అప్పుడు మెకానిక్ దగ్గరకు మిషన్‌ను బాబిన్ కేసుతో సహా తీసుకువెళ్ళండి. రెండు రంగుల దారంతో కుట్టిన మందపాటి ముక్కను కూడా ఇచ్చి, దాని మీదే కుట్టి చూపించమని అడగండి.