గరుసు నేలలో గుంతలు తీసే ఆగర్: బ్లేడ్లకు పదును, సంరక్షణ

గుంతలు తీసే పెట్రోలు మిషన్ నేలలోకి దిగకుండా పైపైనే తిరుగుతుంటే చాలామంది ముందు ఇంజన్ మీద పడతారు. కార్బొరేటర్ విప్పుతారు, ప్లగ్ మారుస్తారు. ముందు చూడాల్సింది మట్టిని. బయటికొచ్చే మట్టి చెక్కలు చెక్కలుగా ఉంటే బ్లేడు కోస్తోందని, పిండిలా ఉంటే ఉత్తగా రుద్దుతోందని అర్థం. రుద్దే బ్లేడుతో 52 సీసీ ఇంజనైనా 68 సీసీ ఇంజనైనా ఒకటే. క్లచ్ వేడెక్కి కమురు వాసన వస్తుంది, గుంత జానెడు దాటదు.

బ్లేడు పాడయ్యే తీరు నేలను బట్టి ఉంటుంది. అనంతపురం ఎర్ర గరుసులో పలుగురాళ్ళు ఎక్కువ. రాళ్ళ గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ కొలతలో పలుగురాయి గట్టిదనం 7, బ్లేడు ఉక్కు అంతకన్నా మెత్తన. అందుకే అక్కడ అంచు త్వరగా అరుగుతుంది, పెచ్చులూ లేస్తుంది. బేతంచెర్ల, బనగానపల్లె వైపు నాపరాయి సంగతి వేరు. అది సున్నపురాయి, గట్టిదనం 3 చుట్టూ ఉంటుంది, అంచును అంతగా అరగదీయదు. కానీ అడుగు లోతులో పలకలా అడ్డొస్తే బిట్ (బ్లేడ్లు బిగించి ఉండే, నేలలోకి దిగే మరలాంటి భాగం) ఠక్కున ఆగిపోతుంది. ఆ దెబ్బ బోల్టుల మీద, గేరుబాక్సు మీద, మిషన్ పట్టుకున్నవాళ్ళ మణికట్టు మీద పడుతుంది. పలక తగిలిన చోట ఎంత పదునైనా పనికిరాదు, గుంతను పక్కకు జరపాల్సిందే. నల్లరేగడిలో అరుగుదల తక్కువే గాని, తడిగా ఉంటే మట్టి బిట్‌కు ముద్దలా పట్టేసి బ్లేడును నేలకు ఆననివ్వదు.

పదును పెట్టేముందు ఇంజన్ ఆపి ప్లగ్ క్యాప్ పీకేయండి. బిట్‌ను షాఫ్ట్ నుంచి వేరు చేసి, మట్టి కడిగి, బ్లేడ్లు విప్పండి. నట్లు తుప్పు పట్టి ఉంటే ముందు రాత్రే డీజిల్ పోసి ఉంచితే వదులవుతాయి. 8 ఎం.ఎం. బోల్టయితే 13 నంబర్ స్పానర్ పడుతుంది. ఏ బ్లేడు ఏ పక్కదో, పై ముఖం ఏదో సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. తిరగేసి బిగించిన బ్లేడు ఎంత పదునున్నా కోయదు. ఈ పొరపాటు మనం అనుకునేదానికన్నా ఎక్కువగా జరుగుతుంది.

బ్లేడును వైస్‌లో బిగించి 10 అంగుళాల చదును ఆకురాయి తీసుకోండి. అంచు వాలు మీద మార్కర్ పెన్నుతో రంగు పూసి, ఆకురాయితో ఒక్కసారి తోసి చూడండి. రంగు వాలు అంతటా సమానంగా పోతే కోణం సరిగ్గా పట్టుకున్నట్టు. అంచు దగ్గరే పోతే ఆకురాయిని మరీ నిలబెట్టారు, వెనక వైపే పోతే మరీ పడుకోబెట్టారు. తోసేటప్పుడే ఒత్తండి, వెనక్కి తెచ్చేటప్పుడు పైకెత్తండి. వెనక్కి ఈడిస్తే ఆకురాయి పళ్ళు మొద్దుబారతాయి. ఒక బ్లేడుకు 15 సార్లు రాస్తే రెండోదానికీ 15 సార్లే. చివర అవతలి ముఖం మీద ఆకురాయిని చదునుగా ఆనించి ఒకటి రెండుసార్లు తేలిగ్గా రాస్తే అంచున లేచిన సన్నని ఉక్కు పొర పోతుంది.

గడ్డకట్టిన సరస్సుల మీద చేపలు పట్టేవాళ్ళ ఆగర్ వీడియోలు చూసి అదే పదును మన బ్లేడుకు తేవాలనుకోకండి. మంచులో రాయి ఉండదు కాబట్టి అక్కడ క్షౌరం కత్తిలాంటి పల్చని అంచు నడుస్తుంది. గరుసులో ఆ అంచు మొదటి గుంతకే పళ్ళు పళ్ళుగా ఊడిపోతుంది. ఇక్కడ 40 డిగ్రీల చుట్టూ వాలు ఉండి, అంచు బొటనవేలి గోరు మీద జారకుండా పట్టుకుంటే చాలు. కొత్త బ్లేడు కొన్నరోజే దాన్ని కాగితం మీద పక్కవాటంగా పెట్టి వాలు గీసి దాచుకుంటే, తర్వాత పోల్చుకోవడానికి అదే కొలత.

పెచ్చులు లోతుగా ఉంటే గ్రైండర్ తప్పదు. 80 నంబర్ ఫ్లాప్ డిస్క్ వాడండి, రక్షణ కళ్ళద్దాలు పెట్టుకోండి. మూడు నాలుగు సెకన్లకోసారి బ్లేడును బకెట్ నీళ్ళలో ముంచండి. ఉక్కు మీద ఎండుగడ్డి రంగు కనిపించిందంటే ఆగాలి. నీలం రంగు దాకా పోతే ఆ భాగం గట్టిదనం పోయినట్టే, నాలుగు గుంతలకే మళ్ళీ గుండ్రబడుతుంది. ఊరి వెల్డింగ్ షాపులో తొందరపడి అంచు కాల్చేయడం వల్ల పాడైన బ్లేడ్లు, అరిగి పాడైనవాటికన్నా తక్కువేం కాదు. దగ్గరుండి చేయించుకోండి.

తిరిగి బిగించాక తప్పక చేయాల్సిన పరీక్ష ఒకటుంది. ఒక చెక్క పలకకు బిట్ ముక్కు (అడుగున మధ్యలో ఉండే మొన) దూరేంత రంధ్రం చేసి, బిట్‌ను అందులో నిటారుగా నిలబెట్టండి. రెండు బ్లేడ్ల అంచులూ ఒకేసారి పలకను తాకాలి. ఒకటి 2 ఎం.ఎం. పైన ఉన్నా పనంతా రెండోదే చేస్తుంది, బిట్ ఊగుతుంది, గుంత వంకరపోతుంది. అలాగే బ్లేడు వెనక భాగం పలకకు ఆనకూడదు, సందు కనిపించాలి. వెనక భాగం ఆనితే అంచు నేలను అందుకోదు. పదును పెట్టినా దిగని మిషన్లలో లోపం ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. ముక్కు కూడా బ్లేడ్లకన్నా బాగా ముందుకు ఉండాలి. అది గుండ్రబడితే బిట్ పెట్టిన చోట నిలవదు.

బిట్ బయటి కొలత కూడా చూడండి. బ్లేడు బయటి మూల అరిగితే గుంత సన్నబడి, బిట్ రెక్క గోడను రాసుకుని ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటే థ్రాటిల్ ఇచ్చి లాగొద్దు. ఇంజన్ ఆపి, పైపు రెంచితో బిట్‌ను వెనక్కి తిప్పి తీయండి.

అరటి, బొప్పాయి గుంతలకైనా, కంచె కూసాలకైనా ఎండిన ఎర్రనేలలో ముందు రాత్రి గుర్తు పెట్టిన చోటల్లా బిందెడు నీళ్ళు పోస్తే బ్లేడు పదును చాలాసేపు నిలుస్తుంది. పైన గట్టి పెళ్ళ ఉంటే గడ్డపారతో రెండంగుళాలు పగలగొట్టండి. అర అడుగుకోసారి బిట్ పైకెత్తి మట్టి దులపండి. మొదటి పది గుంతల తర్వాత బోల్టులు మరోసారి బిగించండి.

పని అయ్యాక బిట్ కడిగి ఆరబెట్టి, బ్లేడ్లకు వాడేసిన ఇంజనాయిల్ పూసి గోనెసంచిలో చుట్టి పెట్టండి. అంచుకు, బోల్టు రంధ్రానికి మధ్య అర అంగుళం కూడా మిగలకపోతే ఇక పదును పెట్టడం ఆపి కొత్తవి వేయండి. ఒక్కటే మార్చవద్దు. పాతదీ కొత్తదీ ఎత్తు కలవవు, జత మార్చాల్సిందే.