గుర్రం మేత ముట్టనప్పుడు

దాణా బకెట్ చప్పుడు వినగానే సకిలించి మెడ చాచే గుర్రం, ఒక సాయంత్రం గోడ వైపు తిరిగి కదలకుండా నిలబడి ఉంటే దాన్ని అలక అనుకోకూడదు. ఆవో గేదో ఒక పూట మేత మానితే పొద్దున చూద్దాంలే అనుకోవడం మనకు అలవాటు. గుర్రం దగ్గర ఆ అలవాటు పనికిరాదు. అది నెమరు వేసే జంతువు కాదు. దాని జీర్ణాశయం ఒంటి పరిమాణంతో పోలిస్తే చాలా చిన్నది, 8 నుంచి 15 లీటర్లకు మించి పట్టదు. లోపలికి వెళ్ళినదాన్ని కక్కుకునే వీలు గుర్రానికి లేదు. పైగా తిన్నా తినకపోయినా ఆ జీర్ణాశయంలో ఆమ్లం రోజంతా ఊరుతూనే ఉంటుంది కాబట్టి, మేత మానడం ఏ కారణంతో మొదలైనా కొన్ని గంటల్లో అదే మరో జబ్బుకు దారి తీస్తుంది.

అలాగని వెంటనే మందు పోయకూడదు. మొదటి పది నిమిషాలు దూరంగా నిలబడి చూడాలి. గుర్రానికి తినాలని లేదా, లేక తినాలని ఉన్నా తినలేకపోతోందా అన్నది ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే ఈ రెండింటికీ కారణాలు వేరు. అది ఏం వదిలేసిందో కూడా గమనించాలి. పచ్చగడ్డి కొరుకుతూ ఉలవ గుగ్గిళ్ళను మాత్రం వదిలేస్తుంటే జీర్ణాశయంలో పుండ్లు ఉన్నాయేమోనని అనుమానించాలి. పరుగు పందేల గుర్రాల్లోనూ, కుంటుతోందని నొప్పి మందులు రోజుల తరబడి వాడిన గుర్రాల్లోనూ ఇవి తరచుగా కనిపిస్తాయి. మెత్తటి తవుడు తిని గట్టి మేతను వదిలేస్తుంటే తప్పు నోటిలో ఉండవచ్చు. నీళ్ళు సహా ఏదీ ముట్టకపోతే అది జ్వరమో కడుపునొప్పో అయ్యే అవకాశం ఎక్కువ.

నోటి సంగతి నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. పెళ్ళి ఊరేగింపులకు తిప్పే మా తెల్ల ఆడగుర్రం ఒక మాఘమాసంలో మేత తగ్గించేసింది. బ్యాండు మోతకూ టపాసులకూ బెదిరిపోయిందనుకుని రెండు రోజులు విశ్రాంతి ఇచ్చాను. మూడో రోజు సాల ఊడుస్తుంటే తొట్టి కింద, తాంబూలం నమిలి ఉమ్మినట్టుగా, పురిపెట్టిన తడి గడ్డి ముద్దలు ఐదారు దొరికాయి. అది తింటూనే ఉంది, కానీ నమలలేక జారవిడుస్తోంది. పశువైద్యుడు వచ్చి నోరు తెరిచి టార్చి వేసి చూపించాడు: పై దవడ పళ్ళ బయటి అంచులు కొడవలి నోళ్ళలా పదునెక్కి లోపలి బుగ్గను చీరేశాయి. గుర్రం పళ్ళు జీవితంలో చాలా కాలం పైకి వస్తూనే ఉంటాయి, అరుగుదల సమానంగా లేకపోతే ఇలా అంచులు తేలతాయి. ఆకురాయితో వాటిని నున్నగా చేసిన రెండు రోజులకు అది మళ్ళీ పూర్తిగా మేసింది. కింద రాలిన ముద్దలను మొదటి రోజే చూసి ఉంటే ఆ రెండు రోజులు దానికి ఆ బాధ తప్పేది.

దూరం నుంచి చూడటం అయ్యాక దగ్గరికి వెళ్ళి కొన్ని లెక్కలు తీసుకోవాలి, వైద్యుడు ఫోనులో అడిగేవి ఇవే. థర్మామీటర్‌కు దారం కట్టి, వెనక నుంచి కాకుండా పక్కన నిలబడి, తోక ఎత్తి ఆసనంలో రెండు నిమిషాలు ఉంచాలి. పెద్ద గుర్రానికి 99 నుంచి 101 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు మామూలే. నాడి కోసం దవడ ఎముక కింది అంచున వేళ్ళు ఆనిస్తే తాడులా జారే రక్తనాళం తగులుతుంది. 15 సెకన్లు లెక్కించి నాలుగుతో హెచ్చించాలి. తీరికగా నిలబడిన గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 ఉండాలి, 60 దాటి తగ్గకుండా ఉంటే అది అత్యవసరం. పై పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలో మళ్ళీ గులాబి రంగుకు రావాలి. చిగుళ్ళు ఇటుక రంగుకో ఊదా రంగుకో తిరిగితే ఆలస్యం చేయకూడదు. చివరి పక్కటెముక వెనక డొక్కకు చెవి ఆనిస్తే గుడగుడలు వినిపించాలి, నిమిషాల తరబడి నిశ్శబ్దంగా ఉంటే అది చెడ్డ గుర్తు. లద్దె ఎప్పుడు వేసిందో, ఎంత వేసిందో రాసి పెట్టుకోవాలి. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు వేసే గుర్రం ఉదయం నుంచి ఒక్కసారీ వేయలేదంటే ఆ మాట వైద్యుడికి మొదటే చెప్పాలి. సముద్రపు ఒడ్డున తిప్పే గుర్రమైతే గుప్పెడు లద్దెను బకెట్ నీళ్ళలో కలిపి అడుగున ఇసుక పేరుకుంటోందేమో చూడాలి, నేల మీద మేత వేసే చోట ఇసుక పేగుల్లో చేరి నొప్పి తెస్తుంది.

కాలితో నేల తవ్వడం, పదేపదే డొక్క వైపు చూసుకోవడం, చెమటలు పట్టడం, పడి దొర్లడం కడుపునొప్పి గుర్తులు. ఇవి కనిపిస్తే మేత తీసేసి వెంటనే వైద్యుడిని పిలవాలి. దొర్లకుండా కాసేపు మెల్లగా నడిపించవచ్చు గానీ, అలిసిపోయేదాకా నడిపించకూడదు. మెడ చాచి దగ్గుతూ, ముక్కు రంధ్రాల నుంచి నమిలిన మేత కలిసిన చొంగ కారుతుంటే అన్నవాహికలో మేత అడ్డుపడిందని అర్థం, అప్పుడు మాత్రం నీళ్ళు కూడా తీసేయాలి. జ్వరంతో పాటు దవడ కింద గడ్డలు, ముక్కు నుంచి చీము ఉంటే ఆ గుర్రాన్ని మిగతావాటి నుంచి వేరు చేయాలి. వచ్చి పోయే జ్వరం, పొట్ట కింద వాపు ఉంటే జోరీగల ద్వారా సోకే సర్రా వ్యాధినీ, చిగుళ్ళు పసుపెక్కితే పిడుదుల ద్వారా వచ్చే వ్యాధినీ రక్తపరీక్షతో తేల్చాలి. దవడలు బిగుసుకున్నా, కుక్క కరిచిందన్న అనుమానం ఉన్నా నోట్లో చెయ్యి పెట్టకూడదు.

మేత సంచిని కూడా వాసన చూడాలి. వానలో తడిసి బూజు పట్టిన వేరుశనగ కట్టెను గుర్రం వదిలేస్తే తప్పు దానిది కాదు. పశువులకో కోళ్ళకో కొన్న దాణాను గుర్రానికి ఎప్పుడూ వేయకూడదు. రక్తపారుడు రోగం రాకుండా కోళ్ళ దాణాలో కలిపే మోనెన్సిన్ కొద్ది మోతాదులోనే గుర్రం గుండెను దెబ్బతీసి చంపుతుంది, దాని మొదటి గుర్తు మేత మానడమే. అలాంటి దాణా తిన్నదని తెలిస్తే ఇతర లక్షణాల కోసం ఎదురుచూడకూడదు.

పల్లెల్లో వెదురు గొట్టంతో నూనో కషాయమో తాగించడం ఇంకా ఉంది. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఉన్న జబ్బుకు న్యుమోనియా తోడవుతుంది. నూనె అవసరమైతే వైద్యుడు ముక్కు గొట్టం ద్వారా నేరుగా జీర్ణాశయంలోకి పంపుతాడు. ఇంట్లో మిగిలిన నొప్పి ఇంజక్షన్ చేయడం కూడా తప్పే, అది నొప్పిని కప్పిపెట్టి పేగు మెలిపడిన సంగతిని దాచేస్తుంది.

నొప్పి గుర్తులేవీ లేకుండా ఒక పూట దాణా మాత్రమే వదిలేసి, గడ్డి తింటూ, లద్దె వేస్తూ ఉంటే కొన్ని గంటలు గమనించవచ్చు. రెండు పూటలు వరసగా వదిలేస్తే ఆ రోజే పిలవాలి. పొట్టి గుర్రాలూ గాడిదలూ బాగా బలిసి ఉంటే పస్తు అసలు తట్టుకోలేవు, ఒంటి కొవ్వు రక్తంలోకి కరిగి కాలేయం దెబ్బతింటుంది. పాలు తాగే పిల్ల రెండు మూడు గంటలు పొదుగు ముట్టకపోయినా అత్యవసరమే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది, అయితే గుర్రం అని ముందే చెప్పాలి, ఎందుకంటే పశువుల మందులన్నీ దానికి సరిపడవు.

కోలుకున్నాక ఆకలిగా ఉందని ఉలవలు నిండుగా పెడితే మళ్ళీ మొదటికి వస్తుంది. మొదట చేతితో పట్టుకుని తాజా గరిక గుప్పెడు చొప్పున గంటకోసారి ఇవ్వాలి. అరిగితే నీళ్ళు చల్లిన ఎండుగడ్డి, ఆ తర్వాత చిటికెడు ఉప్పు కలిపిన తడి తవుడు. నాలుగైదు రోజుల తర్వాతే గుగ్గిళ్ళు, అవీ పావు వంతుతో మొదలు. ఊరేగింపుల్లో పెళ్ళివారు ప్రేమతో నోట్లో పెట్టే మిఠాయిలను ఈ రోజుల్లో మర్యాదగా వద్దనాలి. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి ఏటా ఆ నెలలోనే మా గుర్రానికి పళ్ళు చూపిస్తున్నాను.