రెండేళ్లలోపు పిల్లల పొడవు కొలవడం ఎలా? తిప్పలన్నీ మోకాళ్ల దగ్గరే

పోషకాహార సర్వేల్లో బరువు ఎవరు తూచినా దాదాపు ఒకటే వస్తుంది. పొడవు అలా కాదు. ఒకే బిడ్డను ఒకే పూట ఇద్దరు కొలిస్తే సెంటీమీటరు తేడా వస్తుంది, పైగా ఇద్దరూ తమదే కరెక్టంటారు.

ఒక్క సెంటీమీటరుకే ఇంత రాద్ధాంతమా అనుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం ఏడాది నిండిన మగపిల్లాడి మధ్యస్థ పొడవు (సగంమంది ఇంతకన్నా పొడుగు, సగంమంది పొట్టి) 75.7 సెం.మీ. 71.0 కన్నా తక్కువుంటే గిడసబారిన లెక్కలోకి వస్తాడు. నిజానికి 71.6 ఉన్న పిల్లాడి మోకాలు కాస్త వంగి 70.6 వచ్చిందంటే, కాగితం మీద వాడు గిడసబారినట్టే.

కావలసినవి: తలవైపు కదలని పలక, కాళ్లవైపు జరిపే పలక ఉన్న కొలత బల్ల (ఇన్‌ఫాంటోమీటర్), పరవడానికి పల్చటి గుడ్డ, పెన్సిలు, పని నేర్చిన ఇద్దరు మనుషులు. చెక్క బల్లే వాడండి. మడిచి సంచిలో పెట్టుకునే ప్లాస్టిక్ చాపలు మోయడానికి సుఖమే కానీ, వాటి పలకలు వాలిపోతాయి. రోజూ పొద్దున్నే స్టీలు టేపుతో బల్లను ఒకసారి సరిచూసుకోవాలి. చాప మీద పడుకోబెట్టి తల దగ్గరో గీత, మడమ దగ్గరో గీత గీసి దర్జీ టేపుతో కొలవడమైతే అసలు కొలవకపోవడమే నయం.

ముందు వయసు తేల్చండి. ‘ఏడాది’ అని తల్లి అంటే నిండిందా, నడుస్తోందా అని అడగాలి. ఆ వయసులో ఒక్క నెల అటూఇటూ అయితే ప్రమాణం 1.2 సెం.మీ. మారిపోతుంది. పుట్టిన తేదీ టీకాల కార్డులో చూసి రాయండి. కార్డు లేకపోతే సంక్రాంతికి ముందా, ఉగాదికి తర్వాతా అని పండగల లెక్కన రాబట్టాలి.

చెప్పులు, సాక్సులు, టోపీ, దళసరి డైపరు తీసేయాలి. పుట్టువెంట్రుకల మొక్కు తీరని పిల్లలకు నడినెత్తిన పిలక ఉంటుంది. రబ్బరు బ్యాండు విప్పి, జుట్టు చదునుగా అణిగేలా తలను పలకకు ఆనించండి. పిలక మీదుగా కొలిస్తే పొడవు ఎక్కువొస్తుంది.

ఇక పడుకోబెట్టడం. తల పట్టుకునే మనిషి తలవైపు పలక వెనక కూర్చుని రెండు అరచేతులతో చెవుల మీదుగా తలను పట్టుకోవాలి. బిడ్డ చూపు నిటారుగా పైకి ఉండాలి. చెవి రంధ్రం నుంచి కంటిగుంట కింది అంచుకు గీత గీసినట్టు ఊహిస్తే అది బల్లకు నిలువుగా రావాలి. గడ్డం ఛాతీకి ఆనినా, పైకి లేచినా కొలత చెడుతుంది. ఈ పని తల్లికి అప్పజెప్పొద్దు. బిడ్డ ఏడవగానే ఆమె చేతులు వదులైపోతాయి, అది ఆమె తప్పు కాదు. ఆమె బిడ్డకు కనబడేలా పక్కన కూర్చుని మాట్లాడుతూ ఉంటే చాలు.

అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది. కొలిచే మనిషి బిడ్డ కుడివైపు ఉండి, ఎడమచేత్తో మోకాళ్ల మీద మెల్లగా, వదలకుండా నొక్కి కాళ్లు చాపాలి. కుడిచేత్తో పలకను జరుపుతూ తేవాలి. రెండు అరికాళ్లూ పలకకు పూర్తిగా ఆనాలి, వేళ్లు పైకి చూడాలి. ఇందులో మూడు తప్పులు జరుగుతాయి. మొదటిది, మోకాలు కొంచెం లేచి ఉండగానే అంకె చదివేయడం. రెండోది, పాదం చాచుకుని మునివేళ్లు మాత్రమే పలకకు తగలడం. మొదటిదానితో కొలత తగ్గుతుంది, రెండోదానితో పెరుగుతుంది. మూడోది, కాళ్లను చూస్తూ నడుమును మరిచిపోవడం. వీపు విల్లులా లేచిందేమో, భుజాలు బల్లకు ఆనాయో లేదో చూడాలి.

వేళ్లు ముడుచుకుంటే అరికాలి మీద గోటితో సుతారంగా గీరండి. వేళ్లు విచ్చుకున్న ఆ క్షణంలోనే పలకను జరపాలి. బిడ్డ మరీ గింజుకుంటే ఒక్క కాలైనా సరిగ్గా చాచి కొలవొచ్చు. నెలల పసికందుల మోకాళ్లు పెద్దపిల్లల్లా పూర్తిగా చాపబడవు, బలవంతం చేస్తే దెబ్బతింటాయి. అక్కడ చెయ్యి ఆనించినంత ఒత్తిడి చాలు. అప్పటికీ లొంగకపోతే ఎత్తుకుని పాలు పట్టించి, వేరే ఇల్లు చూసుకుని మళ్లీ రండి. ఫొటో తీస్తే ఎత్తు చెప్పే యాప్‌ల గురించి అడుగుతుంటారు. వంగిన మోకాలిని కెమెరా చాపదు కదా!

కన్ను సరిగ్గా పలక మీదుగా ఉంచి మిల్లీమీటరు దాకా చదవండి. 71.4 అయితే 71.4 అనే రాయాలి, 71.5 కాదు. చదివిన అంకెను రెండో మనిషి పైకి పలికాకే రాయాలి.

తర్వాత బిడ్డను బల్ల మీంచి ఎత్తి, మళ్లీ మొదటినుంచి పడుకోబెట్టి రెండోసారి కొలవాలి. పలకను మాత్రం కాస్త వెనక్కీ ముందుకీ జరిపి చదివితే అది రెండో కొలత కాదు. మొదటి అంకెను మడిచి దాచేయండి. కనబడుతుంటే కన్ను దానికే లొంగుతుంది. రెండింటి మధ్య తేడా 7 మిల్లీమీటర్లు దాటితే రెండూ కొట్టేసి కొత్తగా కొలవాలి, లోపలుంటే సగటు తీసుకోవాలి.

రెండేళ్లు నిండితే నిలబెట్టి కొలవాలి. రెండేళ్లలోపు బిడ్డ ఎంతకీ పడుకోకపోతే నిలబెట్టి కొలిచి, వచ్చినదానికి 0.7 సెం.మీ. కలపాలి. రెండేళ్లు దాటినవాణ్ణి పడుకోబెట్టి కొలిస్తే అంతే తీసేయాలి. ఎలా కొలిచారో ఫారంలో రాయకపోతే ఈ సవరణ చేయడం ఎవరి తరమూ కాదు.

‘కొందరికి ఎక్కువొస్తుంది, కొందరికి తక్కువొస్తుంది, సగటున సర్దుకుంటుందిలే’ అనేవాళ్లకు ఒక మాట. సగటు సర్దుకుంటుంది, గిడసబారిన శాతం సర్దుకోదు. గిడసబారిన లెక్కకు హద్దయిన కొలతకు (ఏడాది మగపిల్లాడికి 71.0) కాస్త పైన ఉన్న పిల్లలు, కాస్త కింద ఉన్నవాళ్లకన్నా సాధారణంగా ఎక్కువమంది. తప్పులు రెండువైపులా సమానంగా జరిగినా కిందికి జారేవాళ్లే ఎక్కువుంటారు, శాతం ఊరికే పెరుగుతుంది. అందుకే సాయంత్రం ఫారాలు కట్టేముందు దశాంశం తర్వాతి అంకెలు లెక్కపెట్టండి. సున్నా నుంచి తొమ్మిది దాకా ప్రతి అంకె దాదాపు పదోవంతు ఉండాలి. సున్నాలూ అయిదులే గుంపుగా కనబడితే ఆ జట్టు అంకెలు చదవడం లేదు, సర్దేస్తోంది. మర్నాడు పొద్దున వాళ్లను ఇళ్లకు పంపకుండా మళ్లీ బల్ల ముందు కూర్చోబెట్టండి.