ఎక్సోజోమ్ ఫేషియల్‌కు పడుకునే ముందు ఆ వయల్ చూడండి

"పైన రాసేదే కదా, ఏమవుతుందిలే" అనుకోవడంతోనే ఎక్సోజోమ్ ఫేషియల్‌లో పొరపాటు మొదలవుతుంది. రాసే సీరం ఉన్న చిన్న సీసా, అంటే వయల్ మీద 'పైపూతకు మాత్రమే' అని ఉంటుంది, నిజమే. కానీ క్లినిక్‌లో ముందు మైక్రోనీడ్లింగో (సన్నటి సూదులతో గుచ్చడం) ఫ్రాక్షనల్ లేజరో (లేజర్‌తో చుక్కలు చుక్కలుగా కాల్చడం) చేసి, చర్మం నిండా సన్నటి రంధ్రాలు పడ్డాక, అవి మూసుకోకముందే దాన్ని రాస్తారు. బయటివాటిని ఆపే పైపొర మందం మిల్లీమీటరులో వందో వంతు, మహా అయితే రెండు వంతులు. సూదులు దిగేది అర మిల్లీమీటరు, ఒక్కోసారి ఒకటిన్నర దాకా. ఇక అది పైపూత ఎలా అవుతుంది? మూసి ఉన్న చర్మం మీద ఏ ఇబ్బందీ పెట్టని సరుకు, తెరిచిన చర్మంలోకి దిగితే అలాగే ఉంటుందన్న హామీ లేదు. కింద చెప్పే జాగ్రత్తలన్నీ దాదాపు ఇందుకోసమే.

ఎక్సోజోమ్‌లంటే కణాలు బయటికి వదిలే అతి చిన్న సంచులు. సైజు సుమారు 30 నుంచి 150 నానోమీటర్లు. లోపల ప్రొటీన్లు, కొవ్వులు, ఆర్‌ఎన్‌ఏ ముక్కలు ఉంటాయి. 1980లలో వీటిని గమనించినప్పుడు కణం తన చెత్తను పారేసుకుంటోందనుకున్నారు. ఆ సంచుల్లో పక్క కణాలకు కబుర్లు కూడా వెళ్తాయని తర్వాత తెలిసింది. ఇవి స్టెమ్ సెల్స్ కావు, బ్రోచర్‌లో ఆ మాట ఎంత పెద్ద అక్షరాల్లో ఉన్నా సరే. ఎరుపు త్వరగా తగ్గడం, చర్మం నునుపవడం గురించి ఆశ కలిగించే చిన్న అధ్యయనాలు ఉన్నాయి. అయితే ఒక కంపెనీ వయల్‌లో ఉన్నదే ఇంకో కంపెనీ వయల్‌లో ఉండదు. మనిషి కొవ్వు కణాలు, బొడ్డుతాడు, ప్లేట్‌లెట్లు, గులాబీ మొక్క కణాలు... ఎక్కడి నుంచి తీసినా పేరు మాత్రం ఒకటే.

అమెరికాలో మందులకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2019 డిసెంబర్‌లో ఎక్సోజోమ్ ఉత్పత్తుల మీద హెచ్చరిక ఇచ్చింది. చికిత్స కోసం ఏ ఎక్సోజోమ్ ఉత్పత్తికీ ఆ సంస్థ ఆమోదం లేదు. "ఇది ఎఫ్‌డీఏ అప్రూవ్డ్" అని ఎవరైనా అంటే, దేనికి అని అడగండి. సూదుల మెషీన్‌కు ఉన్న అనుమతి కాగితాన్ని సీరంకు ఉన్నట్టు చూపించే అవకాశం ఉంది.

ఇప్పుడు వయల్ సంగతి. సీల్ మీ ముందే తీయమనండి. పేరు, బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ, దేని నుంచి తీశారో, స్టెరైలో కాదో చదవండి. చాలావాటిలో అడుగున దూది ఉండలాంటి తెల్లటి పొడి ముద్ద అంటుకుని ఉంటుంది, పక్కనే ద్రావణం ఇంకో సీసాలో. కలిపి మెల్లగా తిప్పితే కరిగిపోవాలి. ఇంకా పోగులో ముద్దలో తేలుతుంటే వద్దనండి. ముందే కలిపి పేరు లేని సిరంజిలో తెచ్చినా వద్దనండి. సగం మీకు, సగం తర్వాతి వాళ్లకు అన్నా అంతే. మనిషి కణాల నుంచి తీసినదైతే దాతకు హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు చేశారా అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. "కొంచెం ఇంజెక్ట్ చేస్తే ఇంకా బాగా పనిచేస్తుంది" అన్నారంటే లేచి వచ్చేయండి.

సూదుల కార్ట్రిడ్జ్ కూడా కొత్త ప్యాకెట్ నుంచే రావాలి. న్యూ మెక్సికోలో లైసెన్సు లేని ఒక స్పాలో సొంత రక్తంతో చేసే 'వాంపైర్ ఫేషియల్' వల్ల కొందరికి హెచ్‌ఐవీ సోకినట్టు అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2024లో నివేదించింది. అందులో ఎక్సోజోమ్‌లు లేవు, కానీ సూదుల విషయంలో అశ్రద్ధ ఎంత దూరం పోతుందో తెలుస్తుంది. ఇంట్లో రోలర్‌తో గీసుకుని ఆన్‌లైన్ సీరం పూసుకునే ఆలోచన మాత్రం అసలు పెట్టుకోవద్దు.

ముఖం మీద చీము మొటిమలు, పెదవి దగ్గర హెర్పిస్ పొక్కులు, ఎండకు కమిలిన చర్మం ఉంటే వాయిదా వేయండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, క్యాన్సర్ ఉన్నవాళ్లు, ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడేవాళ్లు డాక్టర్‌తో మాట్లాడకుండా అపాయింట్‌మెంట్ తీసుకోవద్దు. పెరుగుతున్న, రంగు మారుతున్న మచ్చ ఉంటే ముందు దాన్ని చూపించాలి. కీలాయిడ్లు (గాయం మానాక ఉబ్బెత్తుగా పెరిగే మచ్చలు), మంగు, మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ వాడకం, అలర్జీలు దాచొద్దు. రెటినాల్, యాసిడ్ క్రీములు సాధారణంగా మూడు నుంచి ఏడు రోజుల ముందు ఆపమంటారు.

చేయించుకున్నాక మొదటి 24 గంటలు మేకప్, జిమ్, ఈత వద్దు. డాక్టర్ చెప్పింది తప్ప ఏదీ పూయొద్దు. "విటమిన్ సీ మంచిదే కదా" అని కూడా అనుకోవద్దు. మైక్రోనీడ్లింగ్‌తో పాటు అలాంటి సీరం పూశాక ముఖం మీద గ్రాన్యులోమా అనే గట్టి బొడిపెలు వచ్చిన కేసులు 2014లో డెర్మటాలజీ పత్రికకు ఎక్కాయి. చామనఛాయ, ముదురు రంగు చర్మం వాళ్లకు ఎండ తగిలితే నల్ల మచ్చలు త్వరగా పడతాయి కాబట్టి కొన్ని వారాలు టోపీ తప్పదు. సన్‌స్క్రీన్ ఎప్పటి నుంచి మొదలుపెట్టాలో అక్కడే అడిగి రండి.

ఎరుపు, మంట రెండు మూడు రోజులు ఉండొచ్చు. తగ్గాల్సింది పెరుగుతుంటే, చీము, జ్వరం, పొక్కులు కనిపిస్తే ఆరోజే వెళ్లండి. మొహం వాచి ఊపిరి ఆడకపోతే నేరుగా ఎమర్జెన్సీకి. బొడిపెలు వారాల తర్వాత కూడా రావచ్చు, అప్పటికి వయల్ చెత్తబుట్టలో ఉంటుంది. అందుకే ఫేషియల్‌కు పడుకునే ముందే లేబుల్‌కు, బ్యాచ్ నంబర్ కనబడేలా, ఫోన్‌లో ఒక ఫోటో తీసి పెట్టుకోండి.